బడిలో జమాఖర్చు: దేశదేశాల స్వయం ఉపాధి విద్య

ఏ గ్రామీణ శాఖలోనైనా రుణ దరఖాస్తుతో వచ్చిన ఇరవై ఏళ్ళ యువకుణ్ణి ఒక చిన్న ప్రశ్న అడిగి చూడవచ్చు: మీ ఇంట్లో ఉన్న గేదె మీద నెలకు ఎంత మిగులుతోంది? పాలకేంద్రం నుంచి వచ్చే బిల్లు ఎంతో అతడు తడుముకోకుండా చెబుతాడు. దాణాకు, తవుడుకు, ఎండుగడ్డికి, పశువైద్యానికి ఎంత అయిందో చెప్పడానికి తడబడతాడు. గేదె ఒట్టిపోయిన నెలల మాట లెక్కలోకే రాదు. తల్లి తెల్లవారుజామున లేచి చేసే చాకిరీకి ఖరీదు కట్టాలన్న ఊహే ఉండదు. అయితే అతడు తెచ్చిన ప్రాజెక్టు రిపోర్టులో ఇవన్నీ చక్కగా టైపు చేసి ఉంటాయి. దానిని తయారుచేసినది అతడు కాదు గనుక!

పది పన్నెండేళ్ళు చదువుకున్న ఆ యువకుడు చక్రవడ్డీ సూత్రం అప్పజెప్పగలడు. తన ఇంటి వ్యాపారం లాభంలో ఉన్నదో నష్టంలో ఉన్నదో చెప్పలేడు. బ్యాంకు అప్పు తీసుకున్న తరువాతనే అతడు ఈ పాఠం నేర్చుకోవలసి వస్తున్నది. ఆ చదువుకయ్యే రుసుమును కొంత అతడు, కొంత బ్యాంకు భరించవలసి ఉంటుంది. 1993 అక్టోబరు 2న ప్రారంభమై, 2008లో ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో విలీనమైన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన రుణాలు మంజూరు చేసిన పాత మేనేజర్లకు ఈ రుసుము ఎంత ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పాఠాన్ని అప్పుకు ముందే, బడిలోనే చెప్పడం సాధ్యమా? వివిధ దేశాలు దీనిని వేర్వేరు పద్ధతులలో ప్రయత్నించి చూశాయి. కొన్ని పాఠ్యపుస్తకం రాసి పరీక్ష పెట్టాయి. కొన్ని ఆటగా ఆడించాయి. మరికొన్ని పిల్లవాని చేతికి నిజమైన సొమ్మే ఇచ్చాయి. వీటిని పోల్చి చూసేటప్పుడు మన వంటి రుణసంస్థలవారు ప్రధానంగా పరిశీలించవలసినది ఒకటున్నది. నష్టం వస్తే అది ఎవరి ఖాతాలో పడుతున్నది? ఆ లెక్క ఎవరు రాస్తున్నారు?

ముందుగా పేరు గురించి ఒక మాట. ఇంగ్లీషులో ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎడ్యుకేషన్ అనే దానికి తెలుగులో వ్యవస్థాపకత విద్య, ఔత్సాహిక పారిశ్రామికత అని రకరకాల పేర్లు వాడుతున్నారు. పారిశ్రామికవేత్త అనగానే ఫ్యాక్టరీ యజమాని కళ్ళ ముందు మెదలుతాడు. రెండు గేదెలతోనో, ఒక కుట్టుమిషనుతోనో జీవనం సాగించేవారు ఆ మాట తమకు వర్తిస్తుందనుకోరు. అందువల్ల ఈ వ్యాసంలో స్వయం ఉపాధి విద్య అనే మాటనే వాడుతున్నాము.

పది సెంట్ల టమాటా తోట

అమెరికాలో ఈ విద్యకు మూలం పల్లెలలో ఉన్నది. 1902లో ఒహైయో రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహమ్ అనే పాఠశాలల పర్యవేక్షకుడు రైతుబిడ్డలతో ఒక సంఘాన్ని ఏర్పాటు చేశాడు. నేటి 4-హెచ్ క్లబ్బులకు అది నాంది. వ్యవసాయ కళాశాలలు రూపొందించిన కొత్త విత్తనాలను, కొత్త పద్ధతులను పెద్దలు అంత సులభంగా నమ్మేవారు కాదు. అవే విత్తనాలను పిల్లలు ఒక చిన్న మడిలో వేసి పండించి చూపినపుడు తండ్రులకు నమ్మకం కుదిరేది. 1910లో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఐకెన్ కౌంటీలో మేరీ క్రోమర్ అనే ఉపాధ్యాయిని బాలికల టమాటా క్లబ్బు ప్రారంభించింది. ఒక్కొక్క బాలికకు ఎకరంలో పదోవంతు, అంటే మన లెక్కన సరిగా పది సెంట్లు. అందులో టమాటా పండించి, డబ్బాలలో నిల్వచేసి, అమ్మి, పెట్టుబడి ఎంత, రాబడి ఎంత అని పద్దు రాయవలసి ఉండేది. డబ్బు మొగవారి చేతుల మీదుగానే నడిచే ఆ పల్లెలలో ఎందరో బాలికలు తమదని చెప్పుకోగల సొమ్మును చూసినది ఈ క్లబ్బుల ద్వారానే.

ఈ పద్ధతికి చట్టం కూడా తోడైంది. 1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టం వ్యవసాయ విద్యకు కేంద్ర నిధులు ఇస్తూ ఒక షరతు విధించింది. విద్యార్థి ఏడాదిలో కనీసం ఆరు నెలల పాటు తన ఇంటి పొలంలోనో, మరొక పొలంలోనో ఉపాధ్యాయుని పర్యవేక్షణలో స్వయంగా సేద్యం చేసి తీరాలి. 1928లో కాన్సస్ సిటీలో ఏర్పడిన ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా సంస్థ దీనికి ఒక పద్దు పుస్తకాన్ని జతచేసింది. దూడను ఎంతకు కొన్నదీ, మేతకు ఎంత అయినదీ, ఏడాది చివర కొట్టంలో మిగిలిన సరుకు విలువ ఎంత ఉన్నదీ విద్యార్థి స్వయంగా రాయాలి. ఉపాధ్యాయుడు దానిని పరిశీలిస్తాడు.

మన పాఠకులకు మరింత ఆసక్తికరమైన విషయం 1972లో జరిగింది. ఆ ఏటి గ్రామీణాభివృద్ధి చట్టం ద్వారా ఇటువంటి క్లబ్బులలో ఉన్న పల్లె పిల్లలకు ప్రభుత్వ వ్యవసాయ రుణసంస్థ నేరుగా అప్పు ఇచ్చే ఏర్పాటు చేశారు. పదేళ్ళు మొదలు ఇరవై ఏళ్ళ వయస్సు వరకు అర్హులు. మొత్తం కొద్ది వేల డాలర్లకు మించదు. దూడ కొనడానికో, కుందేళ్ళ పెంపకానికో, తోటపనికి పరికరాలు కొనడానికో ఆ సొమ్ము వాడుకోవచ్చు. క్లబ్బు నాయకుడో, వ్యవసాయ ఉపాధ్యాయుడో ఆ పనికి సలహాదారుగా ఉండాలి. సరుకు అమ్మిన సొమ్ముతోనే వాయిదా కట్టాలి. మైనరు చేసిన ఒప్పందం సాధారణంగా ఆ దేశంలోనూ బిగువైనది కాదు. అయినా ఈ రుణం విషయంలో ప్రామిసరీ నోటు మీద సంతకం చేసిన పిల్లవాడే పూర్తి బాధ్యుడని చట్టంలోనే రాశారు. పన్నెండేళ్ళ బాలిక దూడ చనిపోతే ఆ అప్పు ఆమెదే. ఇది కఠినంగా తోచవచ్చు. అయితే ఆ బాలికకు పద్దు పుస్తకం, సలహాదారు, చిన్న మొత్తం అనే మూడు రక్షణలు ఉన్నాయి. మన శాఖకు వచ్చే ఇరవై ఏళ్ళ యువకునికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఈ పద్ధతిలోనూ లోపం లేకపోలేదు. కౌంటీ సంతలో పిల్లలు పెంచిన పశువులను వేలం వేసినపుడు స్థానిక వర్తకులు పిల్లల మీద అభిమానంతో బజారు ధరకంటె ఎక్కువ పాడుతుంటారు. ఆ మేరకు పద్దు పుస్తకంలోని లాభం నిజమైన లాభం కాజాలదు. సబ్సిడీని లాభమనుకొనే జబ్బు మన దగ్గర మాత్రమే లేదన్నమాట.

కంపెనీ పెట్టే పిల్లలు

అమెరికా పట్టణాల పద్ధతి వేరు. 1919లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో కాగితపు పరిశ్రమాధిపతి హొరేస్ మోజెస్, టెలిఫోన్ కంపెనీ అధినేత థియోడోర్ వెయిల్ మొదలైనవారు జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థను స్థాపించారు. పిల్లలు ఒక చిన్న కంపెనీ పెట్టుకొని, బంధుమిత్రులకు వాటాలు అమ్మి, ఒక వస్తువు తయారుచేసి విక్రయించి, సంవత్సరాంతంలో కంపెనీని మూసివేసి వాటాదారులకు లెక్క చెప్పాలి. ఈ నమూనా యూరప్ అంతటా విస్తరించింది.

ఇది ఎంతవరకు పనిచేసిందని నెదర్లండ్స్‌లో పరీక్షించి చూశారు. అక్కడి ఒక వృత్తివిద్యా కళాశాలలో ఈ కార్యక్రమంపై జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. విద్యార్థులు తమ సామర్థ్యాలను తాము అంచనా వేసుకొన్న తీరులో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. పైగా సొంత వ్యాపారం పెట్టాలన్న కోరిక తగ్గింది! పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలపై అదే దేశంలో జరిగిన మరొక పరిశోధన 2014లో వెలువడింది. అందులో వ్యాపార పరిజ్ఞానం పెరగలేదు గాని పట్టుదల, చొరవ వంటి గుణాలు మెరుగుపడ్డాయి. కోరిక మాత్రం ఇక్కడా తగ్గింది. స్వీడన్‌లో ఇటువంటి కంపెనీలు నడిపిన పూర్వ విద్యార్థులను పదహారేళ్ళ వరకు గమనించి 2015లో ప్రకటించిన ఫలితాలు మరొక విధంగా ఉన్నాయి. అక్కడ సొంత సంస్థలు స్థాపించినవారి సంఖ్య, ఆ సంస్థల నుంచి వారికి వచ్చిన ఆదాయం ఇతరులకంటె ఎక్కువ. అయితే ఆ సంస్థలు ఇతరుల సంస్థలకంటె ఎక్కువ కాలమేమీ నిలవలేదు.

డచ్చి ఫలితాన్ని చాలామంది వైఫల్యంగా చెప్పుకొన్నారు. రుణసంస్థ దృష్టితో చూస్తే ఆ అభిప్రాయంతో ఏకీభవించడం కష్టం. వ్యాపారమంటే ఏమిటో చేసి చూసి, ఇది నాకు తగినది కాదని పదిహేడేళ్ళకే తెలుసుకొన్న విద్యార్థి ఒక మొండి బకాయిని తప్పించినట్లే గదా. అతడు పోగొట్టుకొన్నది వాటాదారుల పదిరవై యూరోలు మాత్రమే. ఎందరు సొంత వ్యాపారాలు పెట్టారన్న ఒక్క తూనికరాతితోనే ఈ విద్యను తూచడం సరికాదని మా అభిప్రాయం.

ఫిన్లండు దేశస్థులు ఈ తూనికను చాలాకాలం క్రితమే వదలిపెట్టారు. 1994 నుంచి వారి జాతీయ పాఠ్యప్రణాళికలో స్వయం ఉపాధి దృక్పథం వేరే సబ్జెక్టుగా కాక, అన్ని సబ్జెక్టులలోనూ కలిసి ఉంటున్నది. ఇతరుల దగ్గర ఉద్యోగం చేసేవానికి కూడా చొరవ, బాధ్యత అవసరమని వారి వాదన. 2010లో ప్రారంభమైన యూరిస్‌కూలా అనే ఏర్పాటులో ఆరవ తరగతి పిల్లలు కొన్ని పాఠాలు చదువుకొన్న తరువాత ఒక రోజంతా బొమ్మ పట్టణంలో గడుపుతారు. అందులో బ్యాంకు, దుకాణం, పురపాలక కార్యాలయం ఉంటాయి. నిజమైన సంస్థల పేర్లే వాటికి పెడతారు. పిల్లలు ఉద్యోగం చేసి, జీతం తీసుకొని, ఖర్చు చేస్తారు. ఆ దేశపు ఆరవ తరగతి పిల్లలలో అత్యధికులు ఇందులో పాల్గొంటున్నారు. చూడముచ్చటైన ఏర్పాటే. ఐతే సాయంత్రం బస్సు ఎక్కగానే లాభనష్టాలు రెండూ అక్కడే ఉండిపోతాయి.

జర్మనీలో చేతివృత్తుల వారి విషయంలో మరొక వరుస పాటిస్తారు. ముందు పని, ఆ తరువాత వ్యాపారం. వడ్రంగి, విద్యుత్ పనివాడు మొదలైన వృత్తులలో సొంత దుకాణం తెరవాలంటే సాధారణంగా మైస్టర్ పరీక్ష నెగ్గాలి. దానిలోని నాలుగు భాగాలలో ఒకటి పూర్తిగా జమాఖర్చులు, వ్యాపార చట్టాలకు సంబంధించినది. మేలైన కుర్చీ చేయగలిగినంత మాత్రాన చాలదు, ఆ కుర్చీకి ధర కట్టడం కూడా రావాలి.

పరీక్షకు పోయిన పాఠం

బీదదేశాలలో పరిస్థితి వేరు. చదువుకొన్న వారందరికీ ఉద్యోగాలు లేవు గనుక స్వయం ఉపాధి అక్కడ రుచి కోసం ఎంచుకొనేది కాదు, గత్యంతరం. కెన్యా 1990లో సాంకేతిక, వృత్తి విద్యాసంస్థలలో ఈ విషయాన్ని తప్పనిసరి చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ అక్కడ 1996లో రూపొందించిన పాఠ్యక్రమం తరువాత అనేక దేశాలకు వెళ్ళింది. రువాండా మరింత ముందుకు పోయి మాధ్యమిక పాఠశాలలన్నిటిలో దీనిని అందరికీ తప్పనిసరి సబ్జెక్టుగా పెట్టింది.

తప్పనిసరి సబ్జెక్టు అయిన తరువాత ఏమి జరుగుతుందో మనకు తెలియని సంగతి కాదు. నల్లబల్ల మీద నిర్వచనాలు, నోటు పుస్తకంలో నకలు, పరీక్షలో అప్పజెప్పడం. రువాండా ప్రభుత్వం ఈ లోపాన్ని గుర్తించి 2016 నుంచి అమలైన కొత్త పాఠ్యప్రణాళికలో చేతలకు ప్రాధాన్యం ఇచ్చింది. ఉపాధ్యాయులకు రెండేళ్ళ పాటు ప్రత్యేక శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణ లేని పాఠశాలలతో పోల్చి చూసిన అధ్యయనం 2021లో వెలువడింది. బోధన పద్ధతి మారింది. విద్యార్థుల మార్కులు గాని నైపుణ్యాలు గాని పెరగలేదు. చిన్న వ్యాపారాలలో పాల్గొనే విద్యార్థుల శాతం 5 పాయింట్లు పెరిగింది. అదే మేరకు కూలి, జీతపు పనులు చేసేవారి శాతం తగ్గింది. మొత్తం ఆదాయంలో తేడా లేదు. పిల్లలు ఒక పని నుంచి మరొక పనికి మారారు తప్ప జేబులో అదనంగా చేరినది లేదన్నమాట. వ్యాపారంలోకి దింపడం ఒక ఎత్తు, అందులో మిగుల్చుకోవడం మరొక ఎత్తు. మన స్వయం ఉపాధి పథకాల సమీక్షా సమావేశాలలో ఈ రెండవ ఎత్తు గురించి అడిగేవారు తక్కువ.

బడే వ్యాపారమైతే

దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశంలో ఫుందాసియోన్ పరాగ్వాయా అనే సంస్థ 1985 నుంచి పేదలకు సూక్ష్మరుణాలు ఇస్తున్నది. రాజధాని అసున్‌సియోన్‌కు కొద్ది దూరంలో క్రైస్తవ మతగురువులు నడుపుతూ వచ్చిన సాన్ ఫ్రాన్సిస్కో వ్యవసాయ పాఠశాల నిధులు లేక మూతపడే స్థితికి వచ్చినపుడు, 2000ల తొలి సంవత్సరాలలో ఈ రుణసంస్థ దానిని స్వీకరించింది. అప్పులిచ్చే సంస్థకు బడితో పనేమిటని అనిపించవచ్చు. సంస్థాపకుడు మార్టిన్ బర్ట్ ఆలోచన ఇది: లాభసాటిగా సేద్యం చేయడం నేర్పుతామని చెప్పే బడి తన పొలాన్నే లాభసాటిగా నడపలేకపోతే పిల్లలకు నేర్పేది ఏమిటి?

ఆ పాఠశాల తన పాడిని, జున్ను తయారీని, కోళ్ళను, కూరగాయలను, అతిథిగృహాన్ని వేర్వేరు వ్యాపారాలుగా విడదీసి, దేని లెక్క దానికి రాయడం మొదలుపెట్టింది. తరగతి గదిలో నేర్చుకొన్న పాఠాన్ని విద్యార్థులు ఈ విభాగాలలో వంతులవారీగా పనిచేసి పరీక్షించుకొంటారు. కోళ్ళ విభాగం నష్టంలో నడుస్తుంటే ఎందుకు నడుస్తున్నదో పిల్లలకు కళ్ళ ఎదుటనే తెలుస్తుంది. ఉపాధ్యాయుడు కూడా నష్టం తెచ్చే సలహా ఇవ్వడానికి జంకుతాడు, ఎందుకంటే అతని జీతం ఆ అమ్మకాల నుంచే రావాలి. ఐదేళ్ళలో, అంటే 2007 నాటికి, పాఠశాల నిర్వహణ వ్యయాన్ని తన రాబడితోనే భరించగల స్థితికి చేరింది.

ఈ కథ చదివిన వారికి వార్ధా గుర్తుకు రాక మానదు. 1937లో గాంధీజీ ప్రతిపాదించగా జాకిర్ హుసేన్ కమిటీ రూపుదిద్దిన నయీ తాలీమ్‌లో చేతివృత్తి ద్వారానే విద్య నేర్పాలనీ, పిల్లలు తయారుచేసిన వస్తువుల రాబడి ఉపాధ్యాయుని జీతానికైనా సరిపోవాలనీ ఆశించారు. బడిని కార్ఖానాగా మారుస్తారా అని నాడే విమర్శలు వచ్చాయి. ఆ భయం నిరాధారమైనదని చెప్పలేము. పిల్లవాని శ్రమ మీద బడి బతకడం మొదలైతే చదువు వెనుకబడే ప్రమాదం పరాగ్వేలోనూ ఉన్నది. కాని మన బేసిక్ పాఠశాలలలో చివరకు జరిగినది వేరు. చేతిపని క్రమేణా నామమాత్రమై టైంటేబుల్‌లో ఒక పీరియడ్‌గా మిగిలింది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ సమాజోపయోగకరమైన ఉత్పాదక శ్రమ అనే పేరుతో దానిని మళ్ళీ తెచ్చింది. సుద్దముక్కలు, కాగితపు కవర్లు తయారుచేయించిన ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఒక్కొక్క కవరుకు పడిన ఖర్చు ఎంత అని రాయించినవారు అరుదు.

మన ఎదుట ఉన్న మార్గం

తెలుగునేలకు ఈ రంగంలో ఒక చరిత్ర ఉన్నది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లీలండ్ 1964లో కాకినాడ వర్తకులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న ప్రేరణ కలిగించే శిక్షణ ఇప్పించాడు. శిక్షణ పొందినవారు తరువాతి కాలంలో వ్యాపారంలో ఎక్కువ చురుకుదనం చూపారు. ఈ ప్రయోగం ప్రపంచ ప్రసిద్ధి పొందింది, దేశంలోని శిక్షణ కార్యక్రమాలకు ఒరవడి అయింది. కాని ఒక సంగతి మరుగున పడింది. కాకినాడ వర్తకులకు చిట్టా, ఆవర్జాలు ముందే తెలుసు. వారికి కొరవడినది ఆకాంక్ష అని మెక్లీలండ్ భావించాడు. నేటి పల్లె యువకునికి ఆకాంక్షకు కొదవ లేదు, కొదవ లెక్కకే. అయినా శిక్షణలో తొలి రోజులు ప్రేరణ ఉపన్యాసాలకే పోతుంటాయి.

1982లో ఉజిరెలో పుట్టిన రుడ్‌సెటి నమూనాపై 2009 నుంచి జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నెలకొల్పిన గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు మంచి పని చేస్తున్నాయి. కాని అవి పద్దెనిమిదేళ్ళు దాటినవారికి, వారాల వ్యవధిలో శిక్షణ ఇస్తాయి. బడి వయస్సులో ఉన్నవారికి ఢిల్లీ ప్రభుత్వం 2019లో ఒక పాఠ్యక్రమాన్ని తెచ్చి, 2021లో 11, 12 తరగతుల విద్యార్థులకు తలకు 2,000 రూపాయల మూలధనం ఇచ్చి వ్యాపారం చేయించింది. నిజమైన సొమ్ము చేతికి ఇవ్వడం మెచ్చదగినదే. అయితే తిరిగి కట్టనక్కరలేని సొమ్ము గనుక నష్టం ప్రభుత్వానిదే అయింది.

అమెరికా తరహాలో పిల్లలకే అప్పు ఇవ్వవచ్చునా? మన చట్టం దానికి ఒప్పదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. మైనరు చేసిన తనఖా మొదటినుంచీ చెల్లనిదేనని 1903లో మొహోరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. పిల్లలను వడ్డీవ్యాపారుల నుంచి కాపాడే ఈ రక్షణను సడలించమని అడగడం ఉచితం కాదు. పదేళ్ళు నిండిన మైనర్లు స్వయంగా పొదుపు ఖాతా నడుపుకోవడానికి మాత్రం రిజర్వు బ్యాంకు 2014లో వీలు కల్పించింది. 2025లో ఆ మార్గదర్శకాలను సవరించి కొనసాగించింది. ఖాతాలో నిల్వ ఉన్నంతవరకే తీసుకోవచ్చు.

కనుక మన దగ్గర అప్పు తల్లిదే కావాలి, లెక్క పిల్లలది కావచ్చు. ఇది కొత్త సంగతి కాదు. 1990ల దశాబ్దంలో మన పల్లెలలో డ్వాక్రా సంఘాలు విస్తరించినపుడు చాలాచోట్ల సంఘం పుస్తకాలు రాసిపెట్టినది హైస్కూలు చదివే ఆడపిల్లలే. పొదుపు ఎంత, అప్పు ఎవరికి, వాయిదా ఎవరు తప్పారు అన్న విషయాలు పధ్నాలుగేళ్ళ బాలిక చేతిరాతలో ఉండేవి. ఏ విద్యాశాఖా రూపొందించని ఈ పాఠ్యక్రమంలో సొమ్ము నిజమైనది, నష్టమూ నిజమైనది. దానికి మార్కులు లేవు, గుర్తింపు లేదు.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు కేటాయించి, స్థానిక వృత్తులవారి దగ్గర గడపాలని సూచించింది. ఆ పది రోజులను సందర్శనలకు వెచ్చించే బదులు, ప్రతి పిల్లవాడూ తన ఇంట్లోని ఒక వ్యాపకాన్ని, అది గేదె కావచ్చు, టీ కొట్టు కావచ్చు, కౌలుకు తీసుకొన్న మడి కావచ్చు, ఎంచుకొని జమాఖర్చు రాయవచ్చు. పాలబిల్లులు ఒకవైపు, దాణా చీటీలు మరొకవైపు. లెక్కల ఉపాధ్యాయునికి శాఖలోని ఫీల్డ్ ఆఫీసరు ఒకటి రెండు పూటలు తోడుంటే చాలు. కొందరు తల్లిదండ్రులు తమ లెక్కలు బయటపడతాయని సంకోచించవచ్చు. అందువల్ల పుస్తకం పిల్లవాని ఇంట్లోనే ఉండాలి, పద్దు రాసే పద్ధతిని మాత్రమే బడిలో సరిచూడాలి. గేదె లెక్క ఒక్క నెలది రాస్తే పాలిచ్చే కాలపు లాభమే కనబడుతుంది. ఒక ఈత నుంచి మరొక ఈత వరకు, అంటే సుమారు ఏడాదిన్నర పాటు రాయవలసి ఉంటుంది. ఏడో తరగతిలో మొదలుపెట్టిన పుస్తకం ఎనిమిదో తరగతి సగం గడిచేసరికి పూర్తవుతుంది.